స్టాటిక్ ఐపీ ఎక్కడ పెట్టాలి: పరికరంలోనా, రౌటర్‌లోనా? ఏది మేలు?

"ప్రింటర్ మళ్లీ ఆఫ్‌లైన్ అంటోంది, స్టాటిక్ ఐపీ పెట్టేయమంటారా?" అని చాలామంది అడుగుతున్నారు. స్టాటిక్ ఐపీ అంటే ఇంటి నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే, మారని నంబర్. పెట్టండి, కానీ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. ప్రింటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేత్తో నంబర్ కొట్టడం ఒక పద్ధతి. రౌటర్‌లో లాగిన్ అయి, ఈ మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు నంబర్) ఎప్పుడూ ఇదే ఐపీ ఇవ్వమని రాసిపెట్టడం రెండోది, అంటే డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తానే ఐపీలు పంచే పద్ధతి) రిజర్వేషన్.

మొదటిదాని బలం సీసీ కెమెరాల దగ్గర తెలుస్తుంది. రౌటర్ పాడై మూలన పడినా, నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లన్నీ కలిపే పెట్టె) కలిపిన కెమెరాలు, ఎన్‌వీఆర్ (వాటి వీడియో రికార్డ్ చేసే పెట్టె) మాత్రం మాట్లాడుకుంటూనే ఉంటాయి, రికార్డింగ్ ఆగదు. చిక్కేమిటంటే మీరు పెట్టిన నంబర్ సంగతి రౌటర్‌కి తెలియదు. ప్రింటర్‌కి 192.168.1.50 పెట్టారనుకోండి, అది ఆఫ్‌లో ఉన్న పూట ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్‌కి రౌటర్ అదే నంబర్ ఇచ్చేయొచ్చు, ఆ తర్వాత ప్రింటర్ ఆన్ చేస్తే రెండూ కొట్టుకుంటాయి. అందుకే రౌటర్ పంచే నంబర్లని, అంటే డీహెచ్‌సీపీ రేంజ్‌ని, చివరి భాగం 100 నుంచి 199 వరకు అలా కుదించి, దాని బయటి నంబరే పెట్టాలి.

నా మటుకు నాకు తేల్చేసే విషయం వేరే ఉంది: నెట్ కనెక్షన్ మార్చిన రోజు ఏమవుతుంది? ఆఫర్ బాగుందని కంపెనీ మారుస్తాం, కొత్త రౌటర్ వస్తుంది. చాలా రౌటర్లు 192.168.1.1 మీద ఉంటే జియోఫైబర్‌వి 192.168.29.1 మీద ఉంటాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే పెట్టినా సరే, చేత్తో ఐపీ పెట్టిన ప్రతి పరికరం ఆ పాత 192.168.1.1 కోసమే వెతుక్కుంటూ ఉండిపోతుంది. ఆ పరికరం సెట్టింగ్స్ పేజీ తెరవాలంటే ముందు మన ల్యాప్‌టాప్‌కి పాత రేంజ్‌లో ఒక ఐపీ ఇచ్చుకోవాలి, అదీ కుదరకపోతే రీసెట్ బటన్ నొక్కాలి. ఆ బటన్ డాబా అంచున బిగించిన కెమెరాలో ఉంటే నిచ్చెన ఎక్కాల్సిందే. అదే రిజర్వేషన్ అయితే పరికరాలన్నీ కొత్త ఐపీ తీసుకుని వాటంతటవే వచ్చేస్తాయి, మనం కూర్చున్నచోట నుంచే కొత్త రౌటర్‌లో లిస్టు మళ్లీ రాసుకుంటే చాలు. ఎన్‌వీఆర్‌లో కెమెరాల ఐపీలు మార్చడం ఎలాగూ తప్పదు.

అందుకే ఇంటికి నేను రిజర్వేషనే చెబుతాను. ఒక్క జాగ్రత్త: ప్రింటర్‌కి వైఫై మ్యాక్ వేరు, కేబుల్ మ్యాక్ వేరు, వాడుతున్నదే ఎక్కించాలి. ఫోన్లు ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి తమ అసలు మ్యాక్ దాచి వేరేది చూపిస్తున్నాయి. ఫోన్‌కి రిజర్వేషన్ కావాలంటే మన ఇంటి వైఫై వరకు ఆ ఆప్షన్ ఆపేయండి.

కంపెనీ నెలకింత అని అమ్మే స్టాటిక్ ఐపీ బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రావడానికి, ప్రింటర్ గొడవ దానితో తీరదు. ఐపీ బదులు .లోకల్ పేరుతో (ప్రింటర్.లోకల్ లాంటిది) పిలవడం కొన్ని పరికరాలతో బాగానే పనిచేస్తుంది, అన్నిటితో కాదు.

పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (కొత్త రౌటర్‌కి కలిపి వైఫై ఇవ్వడానికి మాత్రమే) వాడుకునేవాళ్లు మాత్రం దానికి అందులోనే ఐపీ పెట్టి, డీహెచ్‌సీపీ ఆపేయండి.