సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్ ప్లగిన్: ప్రాజెక్టులోనే ఉంచాలా, ఎన్‌పీఎం ప్యాకేజీ చేయాలా?

సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్ అంటే అమెజాన్ లాంబ్డా వంటి క్లౌడ్ సేవల్లోకి కోడ్‌ను చేర్చే (డిప్లాయ్ చేసే) సాధనం; ప్లగిన్ దానికి అదనపు పనులు నేర్పే కోడ్. ఆ ప్లగిన్‌ను ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంచవచ్చు, లేదా ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను పంచుకునే వ్యవస్థ) ప్యాకేజీగా చేయవచ్చు. రెండింటిలోనూ రాసే కోడ్ ఒకటే: జావాస్క్రిప్ట్ క్లాస్, దాని కన్‌స్ట్రక్టర్‌కు అందే సర్వర్‌లెస్ ఆబ్జెక్టు, ఆప్షన్లు, ఏ దశలో ఏ ఫంక్షన్ నడవాలో చెప్పే హుక్స్. తేడా వచ్చేది దాన్ని ఉంచే చోటులోనే.

ఒకటే ప్రాజెక్టయితే లోకల్ ప్లగిన్ చాలు. ప్రాజెక్టు సెట్టింగుల ఫైల్ సర్వర్‌లెస్.యామల్‌లో (serverless.yml) ప్లగిన్ల జాబితా కింద ఫైల్ దారి ఇస్తే సరి. కోడ్ మార్చి, వెంటనే ప్యాకేజ్ కమాండ్‌తో పరీక్షించవచ్చు. అయితే ఆ ఫోల్డర్ లాంబ్డాకు పంపే జిప్‌లోకి చేరకుండా అదే ఫైల్‌లోని ప్యాకేజ్ ప్యాటర్న్‌లలో, దారి ముందు ఆశ్చర్యార్థకం (!) పెట్టి మినహాయించాలి.

మూడు నాలుగు రెపోలు (కోడ్ భాండారాలు) అదే కోడ్‌ను కాపీ చేసుకుంటుంటే మాత్రం ఎన్‌పీఎం ప్యాకేజీయే మేలు. ఒకచోట సరిచేసిన తప్పు వెర్షన్ నంబర్‌తో అందరికీ చేరుతుంది. ఇక్కడ జాగ్రత్తలు ఎక్కువ. దాన్ని డెవ్ డిపెండెన్సీగానే (అభివృద్ధి సమయంలో మాత్రమే కావాల్సిన ప్యాకేజీగా) ఇన్‌స్టాల్ చేయాలి: ఫ్రేమ్‌వర్క్ మామూలుగా అలాంటివాటిని జిప్‌లోంచి తీసేస్తుంది. మామూలు డిపెండెన్సీగా పెడితే ప్లగిన్, అది ఆధారపడే ప్యాకేజీల పరివారం అంతా జిప్‌లోకి ఎక్కుతాయి. విప్పిన సైజుకు లాంబ్డా పరిమితి 250 ఎంబీ. డిప్లాయ్ చేసే సర్వర్‌లో డెవ్ డిపెండెన్సీలను వదిలేసి ఇన్‌స్టాల్ చేస్తే ప్లగిన్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. ఫ్రేమ్‌వర్క్‌ను పీర్ డిపెండెన్సీగా (ప్లగిన్ వాడే ప్రాజెక్టే సమకూర్చాల్సిన ప్యాకేజీగా) ప్రకటించడం మరవద్దు.

హుక్ పేరులో ఒక్క అక్షరం తప్పినా ఆ ఫంక్షన్ నడవదు. ప్లగిన్లు జాబితాలోని వరుసలోనే లోడవుతాయి. కాబట్టి ఇంకో ప్లగిన్ చేర్చిన రిసోర్సులను మీది మార్చాలంటే, మీది దాని కింద రాయండి.