బాపు టీషర్టుకు అద్దాల ఫ్రేము: మూడేళ్ల తర్వాత

ఫ్రేము సైజులు, చెక్క రకాలు, రేట్లు ఇక్కడ రాయడం లేదు. ఏ షాపులో అడిగినా అవన్నీ చెప్తారు. ఎవరూ చెప్పనిది, మనమూ అడగనిది ఒకటుంది: బట్టను లోపల దేనితో నిలబెడతారు, అద్దానికి ఎంత దూరంలో పెడతారు. నా కోపమంతా దాని మీదే.

బాపు, అంటే మా నాన్న, వరంగల్ జిల్లా జట్టుకు బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. షటిల్ అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నా, అది వేరు. పసుపు ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, ఆరుబయట మట్టి కోర్టు. ఈ ఆటకే 1970లో అర్జున అవార్డు అందుకుని, నూరేళ్లు దాటి బతికిన జమ్మలమడక పిచ్చయ్య గారు ఉన్నదీ వరంగల్‌లోనే. ఆయన కట్ షాట్ గురించి మొదలుపెడితే బాపుకి అన్నం సంగతి గుర్తుండేది కాదు. జిల్లా జట్టుకు ఇచ్చిన తెల్ల కాటన్ టీషర్టు మీద వీపున నీలం రంగులో, ఇంగ్లీషు అక్షరాల్లో వరంగల్ అని ఉంటుంది. కింది బంతికి పడిపోయి లేచినప్పుడల్లా అంటిన ఎర్రమట్టి పొట్ట దగ్గర చారలుగా మిగిలింది. అమ్మ సబ్బులన్నీ మార్చి చూసినా అవి పోలేదు.

బాపు పోయాక పదో రోజు లోపే ప్యాంట్లు, చొక్కాలు, లుంగీలు ఇచ్చేశాం. దాని గురించి ఇంట్లో పెద్ద చర్చ కూడా జరగలేదు. ఆట బట్టల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాం: రెండు టీషర్టులు, చేతుల్లేని ఉన్ని స్వెటరు, నాలుగైదు నిక్కర్లు. పోయినవాళ్లు ఒంటిమీద వేసుకున్నవి ఇంట్లో ఉంచొద్దని మా మేనత్త పట్టు. అన్న డల్లాస్ నుంచి ఫోన్ చేసి, అన్నీ ముక్కలు కోసి బొంత కుట్టిద్దామన్నాడు. అక్కడ అలా చేసే కంపెనీలే ఉన్నాయట, ఫొటోలు కూడా పంపాడు. బాగానే ఉన్నాయి. అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "కత్తెర పెట్టుడు వద్దు బిడ్డా. ఇస్త్రీ కూడా ఇంకొకరిని చేయనియ్యలేదు ఆ మనిషి."

అలా ఒక టీషర్టు ఫ్రేముకి వెళ్లింది. అమ్మ నా దగ్గర విశాఖపట్నంలో ఉంటుంది కాబట్టి ఫ్రేము కూడా మా హాల్లోకే వచ్చింది. పేరు కనబడాలని వీపు వైపు ముందుకు పెట్టించాం.

మొదటి ఏడాది నేను ఈ ఫ్రేముకి ఉచితంగా ప్రచారం చేశాను. ఇంటికొచ్చినవాళ్లు చెప్పులు విడుస్తూనే దాన్ని చూసి అడిగేవాళ్లు. అమ్మ కూర్చోబెట్టి ఆట గురించి చెప్పేది, టీ ఆలస్యమయ్యేది. మా చిన్నమ్మ, బాబాయి ఎన్‌సీసీ యూనిఫాం సంగతి అడిగితే, ఇంకేం ఆలోచించకుండా చేయించెయ్యమన్నాను. గోడ మీద అందంగా ఉంటుందన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. గోడ మీద, అదీ కొంతకాలం.

రెండో వానాకాలంలో భుజాల దగ్గర వరసగా లేత గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. మట్టి అనుకుందామంటే బాపు మట్టి చారలున్నది ముందువైపు, అది లోపలికి తిరిగి ఉంది. కొన్నాళ్లకు అద్దం లోపల మసకలా పట్టింది. పొద్దున నీటి బిందువులు కనబడేవి, మధ్యాహ్నానికి పోయేవి. మా ఫ్లాట్ సముద్రానికి దగ్గర. ఇనుప గ్రిల్లే రెండేళ్లకోసారి రంగు అడుగుతుంది. షాపువాడికి ఫోన్ చేస్తే "కాటన్ కదా మేడమ్, పాతబడితే అంతే" అన్నాడు. ముప్పై ఏళ్లు బీరువాలో పాతబడనిది వాడి చేతిలో రెండేళ్లకే పాతబడిందన్నమాట.

వేరే షాపుకి తీసుకెళ్లి, నా ఎదుటే విప్పమన్నాను. వెనక గోధుమరంగు కాగితం చుట్టూ టేపు వేసి గాలి చొరకుండా మూసేశారు. అది చింపగానే ముక్కిన వాసన. దాని కింద మామూలు అట్ట, చెమ్మకి మెత్తబడి అంచుల్లో నల్లబడింది. టీషర్టును భుజాలు, చంకలు, అంచు పొడుగునా జిగురుతో ఆ అట్టకే అంటించారు! మేం చూసిన మచ్చలు ఆ జిగురు పసుపుపచ్చబడి బట్టలోకి ఊరినవి. పట్టుకుంటే అక్కడంతా అప్పడంలా గట్టిగా ఉంది.

అసలు దెబ్బ ఇంకోటి. బట్టకీ అద్దానికీ మధ్య ఖాళీయే లేదు. ఆ నీలం అక్షరాలు రబ్బరులా సాగే ప్రింటు. ఎండకి మెత్తబడి, చెమ్మకి జిగటగా మారి అద్దానికి అతుక్కున్నాయి. ఆ రెండో షాపు పెద్దాయన అద్దాన్ని ఒక్కసారిగా ఎత్తలేదు. పక్క నుంచి పల్చటి రేకు దూర్చి ఒక్కో అక్షరాన్నీ విడిపిస్తూ వచ్చాడు. చాలాసేపు పట్టింది, మధ్యలో ఇద్దరు కస్టమర్లను వెనక్కి పంపేశాడు. అన్నీ వచ్చాయి కానీ చివరి అక్షరంలో సగం అద్దానికే ఉండిపోయింది. అమ్మని తీసుకెళ్లకపోవడం మంచిదైంది.

ఆయన చేసిన పద్ధతి ఏమిటంటే, ఉతికి గంజి పోగొట్టిన తెల్ల కాటన్ గుడ్డను బోర్డుకి చుట్టి, దాని మీద టీషర్టును సూది దారంతో అక్కడక్కడ వదులుగా కుట్టాడు. కావాలంటే ఆ కుట్లు కోసి బట్టను బయటికి తీసుకోవచ్చు. బోర్డుకి కూడా ఆమ్లం లేనిది వాడాడు, మామూలు అట్టలోని ఆమ్లం వల్లే గుడ్డ పసుపు పడుతుందట. అద్దం కింద నాలుగువైపులా వేలి మందం చెక్క పట్టీలు పెట్టి బట్టను దూరం జరిపాడు. ఫ్రేము గోడకి ఆనకుండా వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు. మ్యూజియంలలోనూ బట్టల్ని అంటించరు, కుడతారు అన్నాడు. డబ్బు మొదటిదానికి దాదాపు రెట్టింపు అయింది. జిగురు మచ్చలు మాత్రం పోలేదు, వాటిని రుద్దితే బట్టే చిరుగుతుందని వదిలేశాం. ఇప్పుడది బాత్రూం గోడకి దూరంగా, ఎండ పడని చోట ఉంది. ఒక వానాకాలం గడిచింది, కొత్త మచ్చలు రాలేదు. ఇంకో రెండు గడిస్తే గానీ నేను నోరు విప్పను.

రెండో టీషర్టు అన్నాళ్లూ ట్రంకుపెట్టెలో, బాపు పాత ధోవతిలో చుట్టి ఉంది. నాలుగైదు నెలలకోసారి తీసి నీడలో ఆరేసి, మడత గీతలు అదే చోట పడకుండా వేరేలా మడిచి పెడతాను. వేపాకు, నాఫ్తలీన్ ఉండలు బట్టకి తగలకుండా పైన వేరే సంచిలో. ఖర్చు ఏమీ లేదు, బట్ట తెల్లగానే ఉంది. ఆ లెక్కన పెట్టెకే నా ఓటు వేయాలి. కానీ పెట్టెలో ఉన్నదాని గురించి ఇంటికొచ్చినవాళ్లు ఎవరూ అడగరు, అమ్మకి పిచ్చయ్య గారి కథ చెప్పే వీలు రాదు. ఆవిడకి గోడ మీదదే కావాలి.

స్వెటరు నేనే తొడుక్కుంటున్నా, చలికాలం అరకు వెళ్లినప్పుడు. మేనత్తకి తెలియదు.

హైదరాబాద్, వరంగల్ లాంటి పొడి ఊళ్లలో ఉండేవాళ్లకి మొదటి రకం ఫ్రేము కూడా కొంతకాలం ఆగొచ్చు. పాలిస్టర్ జెర్సీ అయితే బట్టకి ఢోకా ఉండదేమో గానీ అంకెల ప్రింటు సంగతి చూసుకోవాలి. చూపించుకోవాల్సిన మనిషి ఇంట్లో లేకపోతే పెట్టె చాలు. చిన్నమ్మకి మళ్లీ ఫోన్ చేసి, షాపువాడు కుట్టే పెడతానని, అద్దానికి తగలనివ్వనని బిల్లు మీద రాసిస్తేనే అడ్వాన్సు ఇవ్వమన్నాను. అన్నకి ఆ నిక్కర్లు పంపిస్తానన్నాను. వాటితో బొంత కాదు కదా, దిండు గలీబు కూడా రాదని అలిగాడు.