నాలుగేళ్లు తొక్కాక చెబుతున్నా: ట్రయల్స్ సైకిల్‌కి 170 క్రాంకు, 18-15 పళ్లు

అనంతపురంలో ఈ సైకిల్ మీద బయటికొస్తే మొదట వినబడేది "సీటు ఏదప్పా?" అనే మాటే. దీనికి సీటు ఉండదు. కాలు కింద పెట్టకుండా ఒక గుండు మీంచి ఇంకో గుండు మీదికి దూకడానికి చేసిన సైకిల్ ఇది. గేరు కూడా ఒక్కటే. ఆ ఒక్కటి కుదరకపోతే మిగతా సామాను ఎంత ఖరీదైనదైనా దండగ.

నాది 26 అంగుళాల చక్రాల బండి. కొన్నప్పుడు 175 మి.మీ. క్రాంకులు (పెడల్ బిగించే కడ్డీలు), ముందు చైన్ చక్రానికి 22 పళ్లు, వెనక దానికి 18 ఉండేవి. ఏడాది తర్వాత ముందు 18, వెనక 15కి మారాను. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే రెండూ ఇంచుమించు ఒకటే, ఒకటి 1.22, ఇంకొకటి 1.20. తేడా అంతా బండి అడుగున ఉంది. 18 పళ్ల చక్రం చిన్నది కాబట్టి కింద 8 మి.మీ. ఖాళీ ఎక్కువ దొరుకుతుంది. గ్రానైట్ గుండు అంచు మీద బండి కడుపు ఆనిన ప్రతిసారీ ఆ ఎనిమిది మిల్లీమీటర్లు నన్ను కాపాడాయి.

దీనికి మూల్యం చైన్ కట్టింది. అంతే బలంతో తొక్కినా, ముందు పళ్ల చక్రం చిన్నదైతే చైన్ మీద లాగుడు 22 శాతం పెరుగుతుంది. నాకది తెలియక పాత చైన్‌నే కత్తిరించి వేశాను. మూడో నెలలో, సరిగ్గా ఎగరబోయే క్షణంలో, ఫట్‌మని తెగింది. మోకాలు వెళ్లి హ్యాండిల్ స్టెమ్‌కి కొట్టుకుంది. రెండు వారాలు మెట్లెక్కలేకపోయాను. పళ్లు మార్చిన రోజే కొత్త గట్టి చైన్ వేయండి, ఇందులో పొదుపు వద్దు.

ఇక అందరూ అడిగేది క్రాంకు పొడవు గురించి. 175 నుంచి 170కి దిగితే కాలికి పడే బరువు 3 శాతమే పెరుగుతుంది. అదే వెనక 15కి బదులు 14 పళ్లు వేస్తే 7 శాతం పెరుగుతుంది. అంటే వెనక ఒక్క పన్ను తీయడం, 170 క్రాంకును 11 మి.మీ. కురచ చేయడంతో సమానం. అందుకే ముందు వెనక పళ్లు తేల్చుకోండి, క్రాంకు సంగతి తర్వాత చూడొచ్చు. నేను 170 ఉంచుకున్నది బలం కోసం కాదు, పెడల్ రాళ్లకు తగలడం తగ్గిందని.

వెనక 16, 15, 14 పళ్లు, మూడు రకాలూ వాడి చూశాను. ఇంటి వెనక కడప బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి, రోజుకో బండ ఎత్తు పెంచుకుంటూ ఎక్కేవాణ్ని. నిలబడ్డ చోటు నుంచి ఎగరడానికి మనకు దొరికేది క్రాంకు పావు చుట్టే. ఆ పావు చుట్టులో 16 పళ్లతో బండి 58 సెం.మీ. కదులుతుంది, 15తో 62, 14తో 67. 16తో తొక్కడం తేలిక, కానీ ఊపు రాకముందే కాలు కిందికి వచ్చేస్తుంది. 14తో గుండుకీ గుండుకీ మధ్య సందు బాగా దాటుతుంది, కాకపోతే గంట తర్వాత తొడలు పట్టేస్తాయి. పైగా కడప బండ మీద దుమ్ముంటే వెనక టైరు జారుతుంది. 15 దగ్గరే నా కాళ్లు కుదురుకున్నాయి. మీ కాళ్లలో నాకంటే బలముంటే 14 వేసుకోండి.

ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా బండిని సాగనిచ్చే భాగం) నాకు ముందు, క్రాంకు మీదే ఉంది. ఒక చుట్టులో 108 చోట్ల పట్టుకుంటుంది కాబట్టి పెడల్ ఒక సెంటీమీటరు కదిలేలోపే చక్రం అందుకుంటుంది. వెనక 18 చోట్ల పట్టే మామూలు ఫ్రీవీల్ ఉంటే అయిదు సెంటీమీటర్ల దాకా ఖాళీగా తిరగొచ్చు. పావు చుట్టులో అది చాలా పెద్ద నష్టం. ఫ్రీవీల్ బిగించేటప్పుడు దాని మరలకు (థ్రెడ్‌కు) గ్రీజు మరచిపోవద్దు. తొక్కేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. నాది ఊడదీయడానికి లేత్ షాపులో వైస్‌కి బిగించి, ఇద్దరం కలిసి క్రాంకును తిప్పాల్సి వచ్చింది.

ఒక్క లోటు మాత్రం ఉంది. ఇంటి నుంచి గుట్టకి 4 కిలోమీటర్లు. ఒక చుట్టుకి రెండున్నర మీటర్లే వస్తుంది, అంటే 1600 చుట్లు, అదీ నిలబడే. మా వీధి పిల్లవాడు ఒకడు ఈ మధ్య నా వెంట వస్తున్నాడు. "అన్నా, ఇంకా ఎంత దూరం?" అని దారంతా అడుగుతాడు. గుట్ట కనబడగానే నాకంటే ముందు పరుగెత్తుతాడు. పక్కన పెట్టిన 16 పళ్ల చక్రం వాడి బండికే వేశాను, వాడి కాళ్లకు అది చక్కగా సరిపోయింది.