మసాయి మారా సఫారీ: మా ఖర్చు ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది

కెన్యా సఫారీ ఆలోచన ఉన్నవారు ముందుగా విమాన టికెట్ ధర, ఆ తరువాత హోటల్ ధర చూస్తారు. మేమూ అలాగే మొదలుపెట్టాం. కానీ మొత్తం లెక్క తేలేది మసాయి మారా అభయారణ్యం గేటు దగ్గరేనని త్వరలోనే అర్థమైంది. 2024లో రుసుములు మారిన తరువాత అక్కడ విదేశీ పెద్దలకు జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు వసూలు చేస్తున్నారు. పైగా ఆ టికెట్ చెల్లేది ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 6 గంటల వరకే కనుక, మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళ్ళినవారు కూడా పూర్తి రుసుము కట్టవలసిందే.

మేం నలుగురం: నేను, నా భార్య, మా తోడల్లుడు, మరదలు. నైరోబీలోని ఒక ట్రావెల్ సంస్థ మాకు ముందుగా పంపిన పథకం పేరు ‘మూడు రోజులు, రెండు రాత్రులు’. ధర ఆకర్షణీయంగానే ఉంది. అయితే మొదటి రోజు సాయంత్రం రెండు గంటలు, రెండో రోజు పూర్తిగా, మూడో రోజు పొద్దున్న కొద్దిసేపు తిప్పుతారట. అంటే అడవిలో గడిపేది ఒకటిన్నర రోజు, కట్టేది మూడు టికెట్లు. ఆ రుసుము వాళ్ళు చెప్పిన ధరలో లేదన్న సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. మేం ఆ పథకాన్ని పక్కనపెట్టి, మొదటి సాయంత్రం బసలోనే గడిపి, తరువాతి రెండు రోజులూ తెల్లవారి ఆరింటికల్లా గేటు దాటి చీకటిపడే ముందు తిరిగి వచ్చేలా వేరొకరితో మాట్లాడుకున్నాం. మధ్యాహ్న భోజనం డబ్బాల్లో కట్టించుకున్నాం. రెండు టికెట్లకు రెండు నిండు రోజులు దక్కాయి.

నైరోబీ నుంచి మాయి మహియు, నరోక్ మీదుగా మారాకు ఐదారు గంటల ప్రయాణం. రిఫ్ట్ లోయ అంచున అందరూ ఆపే చోటే మా డ్రైవరూ ఆపాడు. లోయ అద్భుతంగా ఉంది, అక్కడి దుకాణాల ధరలు మాత్రం జేబును అంతకంటే లోతుగా తవ్వేలా ఉన్నాయి. సెకెనాని గేటుకు బయట, నడిచి వెళ్ళేంత దూరంలో గుడారాల బస తీసుకున్నాం. లోపలి లాడ్జీలతో పోలిస్తే అద్దె చాలా తక్కువ. గుడారం అంటే మంచం, దుప్పట్లు, వెనుక స్నానాల గది అన్నీ ఉన్నాయి. వేడినీళ్ళు మాత్రం సాయంత్రం కొన్ని గంటలే వస్తాయి, రాత్రి పది దాటితే కరెంటు ఉండదు. భూమధ్యరేఖ దగ్గరి దేశం కదా అని స్వెట్టర్లు తీసుకువెళ్ళని మా తోడల్లుడు రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాడు. మారా సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్లు, అంతకంటే ఎత్తులో కూడా ఉంది, జూన్‌లో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. భోజనంలో చపాతీ, పప్పు, సుకుమా వికి అనే ఆకుకూర, ఉగాలి పెట్టారు. ఉగాలిని మొక్కజొన్న సంకటి అనుకుంటే సరిపోతుంది. ఆవకాయ సీసా తీసుకువెళ్ళిన మరదలిని ఆ పూట అందరం మెచ్చుకున్నాం.

మేం తప్పుచేసింది బండి విషయంలో. పైకప్పు లేచే వ్యాన్ ల్యాండ్ క్రూజర్ కన్నా చౌక అని దాన్నే తీసుకున్నాం. మార్చి నుంచి మే వరకు అక్కడ పెద్ద వర్షాకాలం, జూన్ మొదటి వారంలో నేల ఇంకా పూర్తిగా ఆరలేదు. రెండో రోజు ఒక వాగు దాటుతుండగా వెనుక చక్రాలు కూరుకుపోయాయి. డ్రైవర్ తిప్పినకొద్దీ చక్రాల చుట్టూ బంకమన్ను ముద్దలుగా పేరుకుపోయింది. గుంటూరు జిల్లాలో పత్తి సాగు చేసే మా తోడల్లుడు కిటికీలోంచి ఒకసారి చూసి, “అన్నయ్యా, ఇది మన నల్లరేగడే, ట్రాక్టర్ వచ్చేదాకా కదలదు” అన్నాడు. అడవిదున్నలు కనుచూపు మేరలోనే మేస్తున్నందున మమ్మల్ని దిగవద్దన్నారు. ముప్పావు గంట తరువాత అటుగా వచ్చిన ఒక ల్యాండ్ క్రూజర్ తాడు కట్టి లాగింది. ఆ ముప్పావు గంట కూడా మేం టికెట్ కొన్న పన్నెండు గంటల్లోదే. ఎండాకాలంలో వ్యాన్ సరిపోవచ్చు, వానల తరువాత వెళ్ళేవారు మాత్రం బండిలో పొదుపు చేయకుండా, బసలో చేసుకోవడమే మేలు.

జంతువుల విషయంలో లోటేమీ లేదు. జూలై నుంచి అక్టోబరు వరకు లక్షలాదిగా వచ్చే విల్డెబీస్ట్ అనే పెద్ద జింకల మందలు మా వారంలో లేవు, గడ్డి ఏపుగా ఉండడంతో పడుకున్న సింహాలను కనిపెట్టడం కష్టమైంది. అయినా రెండు రోజుల్లో సింహాలు, చీతా, జిరాఫీలు, దుమ్ములగొండ్లు కనిపించాయి. నాకు గుర్తుండిపోయింది ఒక ఆడ ఏనుగు. తొండంతో గడ్డి కుదురును చుట్టి, ముందుకాలితో తన్ని పెళ్ళగించి, వేళ్ళకు అంటిన మట్టి రాలేలా మోకాలికేసి రెండుసార్లు కొట్టి, అప్పుడు నోట్లో పెట్టుకునేది. మా ఊళ్ళో కూరగాయల దుకాణం దగ్గర మెంతికూర కట్టను విదిలించే తీరే అది. బండి ఆపి అరగంట చూశాం. దూరంగా సింహం ఉందని రేడియోలో వినగానే మిగిలిన వ్యాన్లన్నీ అటు పరుగెత్తాయి.

తరువాతి రెండు రోజులు నైవాషా సరస్సు దగ్గర గడిపాం, ఈ యాత్రలో డబ్బుకు తగ్గ విలువ దొరికింది అక్కడే. పక్కనే ఉన్న హెల్స్ గేట్ జాతీయ పార్కు రుసుము మారాతో పోలిస్తే చాలా తక్కువ, లోపల అద్దె సైకిల్ మీద తిరగనిస్తారు. జీబ్రాలు, జింకలు మేస్తుండగా వాటి పక్కనుంచే తొక్కుకుంటూ వెళ్ళడం వ్యాన్‌లో కూర్చుని చూడడం లాంటిది కాదు. సరస్సు ఒడ్డున మేం దిగిన చోట పసుపు బెరడు చెట్లు ఉన్నాయి. వాటిని జ్వరం చెట్లంటారు, ఆ చెట్ల వల్లే జ్వరం వస్తుందని పూర్వపు యూరోపియన్ యాత్రికులు నమ్మేవారట. రాత్రిపూట నీటిగుర్రాలు మేతకు ఒడ్డెక్కుతాయి కనుక, భోజనశాల నుంచి గదికి కాపలామనిషి టార్చి పట్టుకుని తోడు వస్తాడు. నకూరు సరస్సును మేం వదిలేశాం. ఖడ్గమృగాలు చూడాలనుకునేవారికి అది మంచి చోటే, కానీ నీటిమట్టం పెరిగిన తరువాత ఒకప్పటి ఫ్లమింగోల గుంపులు అక్కడ బాగా తగ్గాయి.

వెళ్ళే ముందు చేసుకోవలసిన పనుల్లో ఎల్లో ఫీవర్ టీకా మరవకూడదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేసిన పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది, అది లేకుండా కెన్యా నుంచి తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపవచ్చు. వీసా స్థానంలో 2024 నుంచి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. పచ్చళ్ళు, బట్టలు ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకుపోవద్దు, అక్కడ వాటిపై 2017 నుంచి నిషేధం ఉంది.

సొంతంగా కారు నడుపుకోగలిగినవారికి దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు ఇంకా చౌక అవుతుందని నా అంచనా. తారురోడ్లు, ప్రభుత్వ విడిదులు ఉన్నాయి, అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి. నా మట్టుకు మళ్ళీ మారాకే, ఫిబ్రవరిలో, నేల ఆరి గడ్డి పొట్టిగా ఉండి రుసుము వంద డాలర్లే ఉన్నప్పుడు వెళ్ళాలని ఉంది. మా తోడల్లుడు మాత్రం విల్డెబీస్ట్‌లు నది దాటడం చూడందే రానంటున్నాడు. నలుగురికీ రోజుకు నాలుగు వందల డాలర్లు అదనమని చెబితే, ఈ ఏడు పత్తి ధర చూసి మాట్లాడదామన్నాడు.