మూడోసారి బెణికిన తర్వాత కొన్న చీలమండ బ్రేస్: పది నెలల వాడకం మీద సమీక్ష

రెండేళ్లలో మూడుసార్లు కుడి చీలమండ బెణికేసరికి, వాలీబాల్ మానుకోవాలా లేక కాలికి ఏదైనా ఆసరా కట్టుకుని ఆడాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. మూడోసారి బ్లాక్ చేయడానికి ఎగిరి దిగుతుండగా, వల కిందుగా ఇవతలికి వచ్చిన ఎదుటి ఆటగాడి పాదం మీద నా పాదం పడి లోపలికి మడత పడింది. కోలుకున్నాక ఫిజియోథెరపిస్టు సలహా మీద లేసులతో బిగించే చీలమండ బ్రేస్ కొని, పది నెలలుగా సాధనలోనూ పోటీల్లోనూ వాడుతున్నాను.

దళసరి నైలాన్ గుడ్డతో కుట్టిన తొడుగు ఇది. ముందువైపు బూటుకు ఉన్నట్టే లేసులుంటాయి. వాటి మీదుగా రెండు పట్టీలు పాదం పైనుంచి అడుగుభాగానికి వెళ్లి, మడమ పక్కగా పైకి వచ్చి, 8 అంకె ఆకారంలో చుట్టుకుని వెల్క్రోతో అతుక్కుంటాయి. అసలు పని చేసేవి ఈ పట్టీలే. పాదం లోపలికి మడత పడినప్పుడు బయటివైపు ఎముక ముందుభాగాన్ని పాదానికి కలిపే లిగమెంట్ అన్నిటికంటే ముందు సాగుతుంది, ఎక్కువసార్లు తెగేదీ అదే. కాలి బయటివైపు కండరాలు స్పందించి పాదాన్ని నిలబెట్టేలోపే ఆ మడత పడటం పూర్తయిపోతుంది కాబట్టి, బయటివైపు నుంచి పైకి లాగి పట్టుకునే పట్టీ ఆ క్షణంలో నిజంగా అక్కరకు వస్తుంది.

కట్టుకునే పద్ధతి సరిగా తెలియక నేను మొదటి రెండు వారాలు దీన్ని తప్పుగానే కట్టుకున్నాను. వేళ్లను ముందుకు చాపి లేసులు బిగిస్తే, లేచి నిలబడగానే చీలమండ ముందు గుడ్డ ముడతలు పడి చర్మాన్ని ఒరుసుకుంటుంది. మడమను నేలకు ఆనించి, పాదాన్ని కాలికి లంబకోణంలో ఉంచి, వేళ్ల వైపు నుంచి ఒక్కొక్క వరుసా బిగించుకుంటూ పైకి రావాలి. పట్టీల్లో లోపలివైపుది ముందు, బయటివైపుది చివర లాగాలని ఫిజియోథెరపిస్టు చూపించారు. వార్మప్ అయ్యాక ఒకసారి మళ్లీ బిగించడం తప్పనిసరి, ఎందుకంటే అప్పటికి సాక్సు సర్దుకుని లేసులు కొంత వదులవుతాయి.

ఇంతకు ముందు టేపు వేయించుకునేవాణ్ణి. అది కాలికి అతుక్కున్నట్టుగా ఉండి మొదట్లో ఎంతో ధైర్యమిస్తుంది కానీ, 20 నుంచి 30 నిమిషాలు ఆడేసరికి చెమటకూ కదలికలకూ దాని పట్టు చాలావరకు సడలిపోతుంది. పైగా ప్రతిసారీ వేయడం తెలిసిన మనిషి ఉండాలి. బ్రేస్‌ను రెండు సెట్ల మధ్య విరామంలో ఎవరికి వారే బిగించుకోవచ్చు. ఈ ఒక్క కారణానికే నేను దీన్ని టేపు కంటే మేలని చెబుతాను.

బ్రేస్ ప్రయోజనం నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 1,460 మంది హైస్కూల్ బాస్కెట్‌బాల్ క్రీడాకారుల మీద జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, లేసుల బ్రేస్ వేసుకున్నవారిలో చీలమండ గాయాలు వేసుకోనివారితో పోలిస్తే దాదాపు మూడో వంతే నమోదయ్యాయి. అయితే గాయమంటూ అయ్యాక దాని తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండో మాట కొనేవారికి తప్పకుండా తెలియాలి. బ్రేస్ ఉందన్న ధీమాతో నొప్పి ఉండగానే ఆటలోకి దిగేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. నా రెండో బెణుకు సరిగ్గా అలాంటి తొందర వల్లే వచ్చింది.

బెణికినప్పుడు లిగమెంట్‌తో పాటు, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు తెలిపే గ్రహింపు కూడా దెబ్బతింటుంది. దాన్ని ఏ పట్టీ తిరిగి తేలేదు. అందుకే రోజూ బ్రేస్ విప్పి ఒంటికాలిపై నిలబడటం, కళ్లు మూసుకుని అదే చేయడం, బ్యాలెన్స్ బోర్డు మీద నిలవడం, మడమలెత్తి దించడం, చివరగా ఒంటికాలితో గెంతి కదలకుండా ఆగడం సాధన చేశాను. మొదట్లో కళ్లు మూసుకుంటే అయిదు సెకన్లలో కాలు వణికిపోయేది. మూడో నెలకు అరనిమిషం నిలబడగలిగాను. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించే పరీక్షలో రెండు కాళ్లూ సమానంగా వచ్చాకే పోటీ ఆడాను.

లోపాలు లేకపోలేదు. నాలుగో నెలకల్లా వెల్క్రోలో సాక్సు నూగు చేరి పట్టు తగ్గింది. పాత పళ్లబ్రష్‌తో గీకి తీస్తే మళ్లీ బాగానే అతుకుతోంది. బూటు బిగుతవుతుంది కాబట్టి కొంచెం వెడల్పాటి జత కావాలి. చెమట వాసన త్వరగా పడుతుంది, ఉతికితే నీడన ఆరడానికి రాత్రంతా పడుతుంది.

తాజాగా బెణికిన కాలికి నేరుగా దీన్ని కట్టుకుని ఆడటానికి ప్రయత్నించవద్దు. చీలమండకు ఇరువైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనుక అంచున, కింది 6 సెంటీమీటర్ల మేర ఎక్కడైనా నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా ముందు వైద్యుడికి చూపించి ఎక్స్‌రే తీయించుకోవాలి. కొలత కూడా వాపు పూర్తిగా తగ్గాకే తీసుకోండి. నేను వాచిన కాలిని కొలిచి తెప్పించుకున్న మొదటి బ్రేస్ మూడు వారాలకే వదులైపోయి, దాన్ని పక్కన పెట్టి ఒక సైజు చిన్నది మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది.