రష్ అవర్: మొదటిదా, రెండోదా?

‘రష్ అవర్’ హాలీవుడ్ యాక్షన్ కామెడీ సినిమాల్లోని జాకీ చాన్, క్రిస్ టక్కర్ జోడీ గురించి మాట వస్తే ప్రేక్షకులు రెండుగా చీలిపోతారు. 1998లో వచ్చిన మొదటి భాగమే గొప్పదని కొందరు, 2001 నాటి రెండోదే అసలు మజా అని ఇంకొందరు.

నా ఓటు మొదటిదానికే. ఇందులో పోలీసులైన లీ (జాకీ), కార్టర్ (టక్కర్)లకు ఒకరంటే ఒకరికి పడదు. ఆ చిరాకులోంచే నవ్వు పుడుతుంది. చివర్లో ప్రదర్శనకు పెట్టిన పాత చైనా కూజాలు పడిపోకుండా పట్టుకుంటూనే జాకీ రౌడీలను కొడతాడు చూడండి, ఫైటూ కామెడీ విడదీయలేనంతగా కలిసిపోయాయి. కిడ్నాపైన పాప కోసం కాస్త టెన్షన్ కూడా ఉంటుంది.

రెండోదాంట్లో వాళ్లు అప్పటికే స్నేహితులు, కాబట్టి ఆ గిల్లికజ్జాల పదును తగ్గింది. కథ కూడా పలచనే. కానీ హాంకాంగ్‌లో వెదురు పరంజాల మీద ఫైట్ మాత్రం మొదటిదాంట్లో దేనికీ తీసిపోదు. పైగా విలన్ పక్షాన చైనా నటి జాంగ్ జియీ! ఆమె కాలు లేస్తే కార్టర్ నోరు మూతపడాల్సిందే.

టక్కర్ గోల భరించలేమనే వాళ్లకు రెండూ కష్టమే. అలాంటివాళ్లు చివర్లో వచ్చే తప్పిన టేకులైనా చూడాలి.