ఇడ్లీ బండికి రిజిస్ట్రేషనా, లైసెన్సా?

కొత్తగా టిఫిన్ బండి పెట్టేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. రెండూ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) కాగితాలే, రెండింటిలోనూ 14 అంకెల నంబరే. కానీ భారం వేరు.

2006 ఆహార భద్రత చట్టం తిరుగుడు బేరగాళ్లకు, చిన్న వ్యాపారులకు లైసెన్సు అక్కర్లేదని, రిజిస్ట్రేషన్ చాలని చెప్పింది. 2011లో వచ్చినప్పుడు నిబంధనలు ఆ హద్దును ఏడాదికి 12 లక్షల రూపాయల అమ్మకాల దగ్గర పెట్టాయి. వాటిలో ఫీజు ఏడాదికి 100 రూపాయలు. దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి ఇవ్వాలి, లేదా కారణం చెప్పి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసివ్వాలి. రోజు కూలీలా బతికే మనిషికి ఈ గడువే పెద్ద అండ అని నా నమ్మకం.

లైసెన్సు ఆ హద్దు దాటిన పెద్ద ఫుడ్ ట్రక్కుల్లాంటి వాటికి. ఫీజు ఎక్కువ, పత్రాలు ఎక్కువ, అదే నిబంధనల్లో గడువు 60 రోజులు.

శుభ్రత మాత్రం ఇద్దరికీ తప్పదు: మంచి నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట, జబ్బు లేని చేతులు. చట్నీ గిన్నె మీద మూత పెట్టడానికి ఏ ఫీజూ లేదు కదా!

ఒక్క మాట, బండి నిలబెట్టే చోటుకు ఈ రెండూ పనికిరావు. దానికి 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఊరి టౌన్ వెండింగ్ కమిటీ (వీధి వ్యాపారుల కోసం ఉండే కమిటీ) ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ వేరే ఉండాలి.